మన ట్రాన్సిస్టరు బీటా వందేనా?

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి)

ముందుగా ఒక తప్పు ఒప్పుకుని ఆ తర్వాత నా అభిప్రాయం చెబుతాను. జనవరిలో ఎలక్ట్రానిక్స్ ప్రాక్టికల్ రికార్డులో ఒక పేజీ నిండా అబద్ధం రాశాను. ఆ పేజీకి పూర్తి మార్కులు పడ్డాయి.

విషయం చిన్నదే. ట్రాన్సిస్టరుకి స్థిర బయాస్ ఇచ్చి, కలెక్టరుకూ ఎమిటరుకూ మధ్య వోల్టేజి ఎంతో ముందు కంప్యూటరు మీద సిమ్యులేషన్‌లో చూడాలి. తర్వాత బోర్డు మీద కట్టి మీటరుతో కొలవాలి. సప్లయి 12 వోల్టులు, బేసుకి 560 కిలో ఓములు, కలెక్టరుకి 3.3 కిలో ఓములు. కంప్యూటరు 5.4 వోల్టులంది. బ్రహ్మాండం! సప్లయిలో దాదాపు సగం, పుస్తకంలో చెప్పినట్టే. తీరా బోర్డు మీద కడితే మీటరు 0.17 దగ్గర నిలబడింది. వైర్లన్నీ పీకి మళ్ళీ గుచ్చాను. ట్రాన్సిస్టరు మార్చాను, అదీ అంతే. ఈలోగా గంట కొట్టే వేళయింది. రికార్డులో 5.2 అని వేసి, మిగతా తేడాకి "ప్రయోగ దోషం" అని ఒక మాట తగిలించి సంతకం పెట్టించుకున్నాను. ఈ పని చేసింది నేనొక్కణ్ణే కాదనుకుంటాను. ఎవరి రికార్డు వారు ఒకసారి తిరగేసుకోండి.

నిజానికి మీటరు తప్పు చెప్పలేదు. కంప్యూటరూ తప్పు చెప్పలేదు. నా దగ్గరున్నది ఏ ట్రాన్సిస్టరో నేనే దానికి చెప్పలేదు. బొమ్మలో ఎన్.పి.ఎన్. గుర్తు పెట్టి ఊరుకున్నాను. మనమేమీ చెప్పకపోతే స్పైస్ తన సొంత అంకెలు వేసుకుంటుంది: బీటా 100, సంతృప్త విద్యుత్తు 10⁻¹⁶ ఆంపియరు, ఎర్లీ వోల్టేజి అనంతం, ఉష్ణోగ్రత 27 డిగ్రీలు. (మే నెల మధ్యాహ్నం బందర్లో 27 డిగ్రీలట!) అచ్చంగా అలాంటి ట్రాన్సిస్టరు ఏ కొట్లోనూ దొరకదు. నా చేతిలో ఉన్నది బీసీ 547బి. దాని బీటా 200 నుంచి 450 దాకా ఎంతైనా ఉండవచ్చని తయారుచేసినవాళ్ళే డేటా షీటులో రాశారు.

స్పైస్‌ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. 1973లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ పెడర్సన్ దగ్గర పనిచేస్తూ లారెన్స్ నేగెల్ అనే పరిశోధక విద్యార్థి దాన్ని వెలువరించాడు. అందరికీ పంచిపెట్టారు. దాని సంతతి అయిన ఎన్‌జీస్పైస్ ఇవాళ మనకీ ఉచితమే. అందులోని ట్రాన్సిస్టరు నమూనాకి మూలం 1970లో బెల్ ప్రయోగశాలల గమ్మెల్, పూన్ ప్రకటించిన సూత్రాలు. అంత గొప్పవాళ్ళు సూత్రాలిచ్చారు గాని, నా బోర్డు మీది ముక్కకి అంకెలు ఎక్కణ్ణించి తెచ్చిస్తారు?

మాది దివిసీమ. సార్వాకి కొన్న వరి విత్తనాల సంచీ మీద మొలక కనీసం 80 శాతం అని ఉంటుంది. అయినా మా నాన్న అందులోంచి వంద గింజలు లెక్కపెట్టి, తడి గోనెలో చుట్టి, మొలకలెన్నో చూసుకుని గాని నారుమడికి ఎన్ని కిలోలు కావాలో చెప్పడు. ఒకసారి "సంచీ మీద రాసుందిగా నాన్నా" అంటే, "అది సంచీ లెక్కరా. మనం చల్లేది గింజల్ని" అన్నాడు. ఆయన చదివింది ఐదో తరగతి. డిగ్రీ చదివే నేను మాత్రం సంచీ మీది అంకెనే నమ్మి, మొలవని గింజలు మొలిచాయని రికార్డు రాశాను.

మనసు ఊరుకోక మర్నాడు ఉదయం మళ్ళీ వెళ్ళాను. కలెక్టరు రెసిస్టరు తీసి 1 కిలో ఓము పెట్టాను. దాని మీద 5.87 వోల్టులు పడ్డాయి, అంటే కలెక్టరు కరెంటు 5.87 మిల్లీ ఆంపియర్లు. బేసు, ఎమిటరు మధ్య 0.66 వోల్టులు. దాన్నిబట్టి బేసు కరెంటు 20.25 మైక్రో ఆంపియర్లు. భాగిస్తే బీటా 290! ఆ 0.66 వోల్టులనే డయోడు సూత్రంలో పెడితే సంతృప్త విద్యుత్తు సుమారు 5 × 10⁻¹⁴ వచ్చింది, స్పైస్ వేసుకున్న దానికి దాదాపు 500 రెట్లు. (డిగ్రీకి 2 మిల్లీ వోల్టుల చొప్పున ఆ 0.66 తగ్గుతుంది కాబట్టి, చలికాలం ఉదయం కొలవడం కొంత కలిసొచ్చింది.) ఈ రెండు అంకెలూ మోడల్ వరసలో వేసి పాత సర్క్యూటు మళ్ళీ నడిపించాను. కంప్యూటరు 0.16 వోల్టులంది! కాగితం మీద గుణించినా తెలిసేదే: 290ని 20తో గుణిస్తే దాదాపు 6 మిల్లీ ఆంపియర్లు కావాలి, 3.3 కిలో ఓములలోంచి 3.6కి మించి రాదు. ట్రాన్సిస్టరు సంతృప్తమై కూర్చుంది. ఈ పనంతటికీ పట్టింది ముప్పావుగంట.

గుడివాడ నుంచి రోజూ రైల్లో వచ్చే మిత్రుడు ఇదంతా విని నవ్వాడు. "మంచి సర్క్యూటైతే బీటాతో పనేముందిరా? నాలుగు రెసిస్టర్ల బయాస్ అందుకేగా పెట్టింది?" అన్నాడు. నిజమే, వాడి మాట కొట్టిపారేయను. కాని సిమ్యులేషన్‌లో ప్రతి ట్రాన్సిస్టరూ 100గానే ఉంటే ఆ నాలుగు రెసిస్టర్లు ఎందుకొచ్చాయో మనకెలా తెలుస్తుంది? బీటా 200 వేసి ఒకసారి, 450 వేసి ఒకసారి నడిపి చూడండి. స్థిర బయాస్ రెండుసార్లూ సంతృప్తంలో కూలబడుతుంది, సరిగా లెక్క కట్టిన నాలుగు రెసిస్టర్ల సర్క్యూటు పెద్దగా కదలదు. మేము పరీక్ష కోసం బట్టీ పట్టిన "స్థిరత్వం" అనే మాట నాకు ఆ రోజే కళ్ళకి కనిపించింది.

అందుకని నా మనవి ఇది. సిమ్యులేషన్ ఉన్న ప్రతి ప్రయోగానికీ ముందు, ఎవరి ట్రాన్సిస్టరు వారు కొలిచి ఆ అంకెలే వాడాలి. రీడింగు కలవకపోతే ఎందుకు కలవలేదో రాసినవాడికి, కలిపి రాసినవాడి కంటే ఎక్కువ మార్కులివ్వాలి. లేదంటే మా బోటివాళ్ళం 5.2లు రాస్తూనే ఉంటాం. 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పుట్టి, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసేదాకా శాస్త్ర పరికరాలు చేసిన ఊరిది. ఈ ఊళ్ళో చదువుతూ మీటరుని కాదని కంప్యూటరుని నమ్మడం నాకైతే సిగ్గనిపించింది.

ఆ ట్రాన్సిస్టరుకి చిన్న కాగితం అతికించి 290 అని రాసి డబ్బాలో పెట్టాను, తర్వాతి బ్యాచివాళ్ళు చూసుకోవచ్చు. రికార్డులో 5.2 కొట్టేసి పక్కన 0.17 అని కూడా రాశాను. మార్కులు మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.