అవ్వ విన్న గిటారు

సండూరులో మా ఇంట్లో దీపాలు పెట్టే వేళకు మావాడి ఎలక్ట్రిక్ గిటారు మొదలవుతుంది. ఒకే ముక్కను తిప్పి తిప్పి వాయిస్తాడు. దాన్ని రిఫ్ అంటారట. "ఆ గోల ఆపరా!" అని ఒకనాడు కసిరాను.

వీణ నేర్చిన మా అమ్మ అడ్డుపడింది. "ఉండరా, అది శుద్ధ ధన్యాసి!"

నిజమే. బ్లూస్ బాణీ రాక్‌లో తరచు వినబడే ఐదు స్వరాలూ ఆ రాగానివే: స గ మ ప ని. నడుమ ప్రతిమధ్యమం తగిలిస్తే వాళ్ళ 'బ్లూ నోట్'. క్రీమ్ బృందం 1967లో చేసిన 'సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్'లో అది వినబడుతుంది. తీగ లాగి స్వరాన్ని వంచడం మన గమకానికి చుట్టమే. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ వాద్యం మీదే కర్ణాటక సంగీతం పలికించారు కదా!

ఇంట్లోనూ కన్నడంలోనే జవాబిచ్చే మావాడు ఇప్పుడు అవ్వ పక్కన చేరి స్వరాలు అడుగుతున్నాడు. తెలుగులో!