గిడుగు పెట్టించిన బడి

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు ఫొటోకి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం, వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి ఉపన్యాసాలు దంచుతాం. పర్లాకిమిడిలో ఉంటూ ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టించిన సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. ఆనాటికి అదే కొత్తరకం బోధన. ఇప్పుడు ఆ మాట అనగానే మన అధికారులకు తట్టేవి స్మార్ట్ టీవీ, ట్యాబ్. (బిల్లులు కూడా వాటికే తేలిగ్గా పాసవుతాయి లెండి.) సీతంపేట కొండల్లో ఒకటో తరగతిలో చేరిన సవర పిల్ల, మాస్టారు తెలుగులో లెక్క చెబితే బిక్కమొహం వేస్తుంది, మనం మొద్దు అని పేరు పెట్టేస్తాం. అదే పిల్ల ముందు గుప్పెడు చింతపిక్కలు పోసి సవరలో అడిగి చూడండి, చకచకా కుప్పలు పెట్టి కూడిక తేల్చేస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో సవర, కోయ, గోండి, కొలామి సహా ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టింది ఇందుకే: మొదట ఇంటి భాష, ఆపైన మెల్లగా తెలుగు. ఆలోచన బంగారం. అయితే పుస్తకం అచ్చేసినంత మాత్రాన పాఠం నడవదు, ఆ భాష వచ్చిన మనిషి నల్లబల్ల దగ్గర నిలబడాలి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించమని రాజ్యాంగం 350ఎ అధికరణంలో చెప్పనే చెప్పింది. కొండ బడుల్లో స్థానిక యువతను ఏడాది పొడవునా, నెలనెలా జీతమిచ్చి నియమించండి. ట్యాబులు తర్వాత కొనుక్కోవచ్చు.