తిప్పతీగ మందే, కాని రోజూ తాగే చాయ్ కాదు

బాన్సువాడ నుంచి బీర్కూర్ వెళ్లే దారిలో గాని, నిజాంసాగర్ కాలువ గట్ల వెంట గాని వేపచెట్లను తలెత్తి చూసిన వారికి తిప్పతీగ కొత్త కాదు. రావి ఆకును పోలిన ఆకు, కొమ్మల మీది నుంచి దారాల్లా వేలాడే వేళ్లు, ఎర్రటి పండ్ల గుత్తులు. మొదలు నరికేసినా పైనున్న తీగ చావదు. దారమంత వేరును కిందికి దించి, నేలను అందుకొని మళ్లీ బతుకుతుంది. సంస్కృతంలో దీనికి అమృత అనే పేరు అందుకే వచ్చిందేమో. గుడూచి అన్నా ఇదే. మద్నూర్ వైపు మరాఠీ మాట్లాడేవారు గుళవేల్ అంటారు, కన్నడం వారు అమృతబళ్ళి అంటారు, హిందీలో గిలోయ్.

జ్వరం వచ్చినప్పుడు నాలుగు రోజులు కషాయం కాచి తాగడం, తగ్గగానే మానేయడం మన పెద్దల పద్ధతి. ఆ చేదు మీద ప్రేమతో ఎవరూ ఐదో రోజు తాగేవారు కాదు. 2020లో కరోనా వచ్చాక ఈ పద్ధతి తారుమారైంది. జ్వరం లేనివారు కూడా రోగనిరోధక శక్తి కోసమని పొద్దున్నే చాయ్‌కి బదులు తిప్పతీగ రసం పట్టారు. సెల్‌ఫోనులో వచ్చిన ప్రతి సలహా వైద్యశాస్త్రమే అయింది. మా ఊరి పొలిమేరలోని వేపచెట్టు మీద ఆ ఎండాకాలంలో చేతికందే ఎత్తులో ఒక్క ముక్క తీగ మిగలలేదంటే అతిశయోక్తి కాదు.

మా మేనమామ సంగతే చెబుతాను. వ్యవసాయదారుడు, యాభై దాటిన మనిషి, ఏ దురలవాటూ లేదు. మూడు నెలలు ఒక్క పూట తప్పకుండా బొటనవేలంత లావు తీగను దంచి, రసం పిండి గ్లాసెడు తాగాడు. మూడో నెల చివర అన్నం సయించలేదు. ఒళ్లంతా దురద. మూత్రం చాయ డికాక్షన్ రంగులో వచ్చింది, కళ్లు పచ్చబడ్డాయి. ఊళ్లో అందరూ పసరు మందుకు తీసుకుపొమ్మన్నారు. మా అత్త పట్టుబట్టి ఆస్పత్రికి తీసుకుపోయింది కనుక బతికిపోయాడు.

అక్కడ డాక్టరు గారు, "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగారు.

"ఏ మందులూ వాడ్తలేను సారూ" అన్నాడు మామ.

అబద్ధం ఆడాలని కాదు. ఆయన దృష్టిలో గోలీ మందు, సూది మందు. తీగ మాత్రం తీగే. రెండు రోజుల తర్వాత ఎవరో మాటల్లో ఆ రసం ప్రస్తావన తెచ్చేదాకా అసలు విషయం బయటపడలేదు. మాన్పించారు. పూర్తిగా కోలుకోవడానికి రెండు నెలలు పైనే పట్టింది. ఇతర కారణాలకు పరీక్షలు చేశారు, ఏదీ తేలలేదు. తిప్పతీగ వల్లనే అయిందని నూటికి నూరు పాళ్లు నేను రాసివ్వలేను. అయితే ఇలాంటివి మా ఇంట్లోనే జరగలేదని తర్వాత తెలిసింది.

2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు ముంబైలో తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురిని అక్కడి కాలేయ వైద్యులు చూశారు. ఆ వివరాలు 2021లో వైద్య పత్రికలో అచ్చయ్యాయి. 2022లో దేశంలోని 13 కేంద్రాల వైద్యులు కలిసి 43 మంది రోగుల వివరాలు ప్రకటించారు. ఇందులో మన హైదరాబాదు వైద్యులు ముందున్నారు. వాడడం మొదలుపెట్టిన ఒకటిన్నర నెలకు అటూ ఇటూగా లక్షణాలు కనిపించాయని అందులో వుంది. రోగుల్లో సగానికి పైగా ఆడవాళ్లు. చాలామందికి మానేశాక తగ్గింది, అంతకుముందే కాలేయం పాడైనవారికి మాత్రం జబ్బు ముదిరింది.

దీనికి కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. 2021 జూలైలోనూ, 2022 ఫిబ్రవరిలోనూ వివరణలు ఇచ్చింది. అసలు తిప్పతీగ సురక్షితమేనని, అదే జాతికి చెందిన మరో తీగను పొరబడి వాడితే హాని కలగవచ్చునని దాని వాదన. ఆ తీగ కాండం బూడిద రంగులో వుండి, మీద చిన్న చిన్న బుడిపెలు వుంటాయట. అసలు దానికి బుడిపెలు వుండవు, కాండం ఆకుపచ్చగా వుంటుంది. ఇవి గాక ఆకు మీద నూగు వుండే తిప్పతీగ ఇంకొకటి మన దక్కనులోనే దొరుకుతుంది.

ఇందులో ఎవరిది ఒప్పో తేల్చవలసింది పండితులు. పల్లెటూరివాడికి మాత్రం రెండు విధాలా ముప్పే. తీగదే దోషమైతే తాగినవాడికి నష్టం. పోల్చుకోవడంలో దోషమైతే, కంచె మీద దొరికినదాన్ని కోసుకొని తాగేది కూడా మనమే కదా. బుడిపెలు వున్నాయో లేవో తెల్లవారుజామున చీకట్లో చూసి కోసేవారెందరు?

ఇంతమాత్రాన తిప్పతీగను తీసిపారేయాలని నేననను. మేధ్య రసాయనాల్లో ఒకటిగా దీన్ని చరకుడు చెప్పాడు. తిప్పసత్తు పేరుతో వైద్యులు తరతరాలుగా ఇస్తూ వచ్చారు. ఆధునిక వైద్యులు కూడా దీన్ని పరీక్షించి చూశారు. 2005లో వెలువడిన ఒక పరిశీలనలో, ఎడతెగని తుమ్ములు, ముక్కు కారడంతో బాధపడే 75 మందిని తీసుకొని కొందరికి తిప్పతీగ మాత్రలు, కొందరికి ఉత్త మాత్రలు 8 వారాలు ఇచ్చారు. అసలు మాత్ర వాడినవారికి గుణం బాగా కనిపించింది. అంతకుముందు 1993లో ముంబైలోని కె.ఇ.ఎం. ఆస్పత్రి వైద్యులు, పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చినవారికి ఆపరేషనుకు ముందు తిప్పతీగ ఇచ్చి చూస్తే చీము పట్టడం వంటి ఉపద్రవాలు తగ్గాయని రాశారు. కామెర్ల రోగులకు మేలు చేసిందని ఒకనాడు చెప్పిన నగరం నుంచే, కామెర్లు తెచ్చిందని మరొకనాడు కబురు రావడం విచిత్రంగా తోస్తుంది. కాని విచారిస్తే రెండింటికీ మూలం ఒకటే. ఈ తీగ ఒంట్లోని రక్షణ శక్తిని రెచ్చగొడుతుంది. దొంగలు వచ్చిన రాత్రి కుక్కను ఉసిగొల్పడం మంచిదే. ఏ దొంగా లేకుండా నెలల తరబడి రోజూ ఉసిగొల్పుతూ వుంటే అది ఇంటివాళ్ల మీదే పడవచ్చు. కొందరి ఒంట్లో ఆ శక్తి ముందునుంచే సొంత అవయవాల మీద తిరగబడే తీరులో వుంటుంది. కొన్ని రకాల థైరాయిడ్ జబ్బు, కీళ్లు వాచి వంకరపోయే వాతం ఇలాంటివే. వీరు తిప్పతీగ జోలికి పోకపోవడం మంచిది. కిడ్నీ మార్పిడి చేయించుకొని ఆ శక్తిని అణిచే మందులు వాడేవారికి ఇది బొత్తిగా పనికిరాదు. కల్లు, సారా వల్ల గాని, మరే కారణం వల్ల గాని కాలేయం చెడినవారి సంగతి పైన చెప్పాను. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు హాని లేదని ఎవరూ నిరూపించలేదు కనుక మానుకోవాలి.

షుగర్ రోగుల విషయం వేరుగా చెప్పాలి, ఎందుకంటే మన పల్లెల్లో ఇప్పుడు తిప్పతీగ ఎక్కువగా మింగుతున్నది వీరే. పొద్దున్నే రెండు ఆకులు నమిలితే షుగరు దిగుతుందని ఒకరికొకరు చెప్పుకొంటారు. దిగే గుణం కొంత వున్నదనే అనుకుందాం. ఆస్పత్రి గోలీ ఒకవైపు, ఆకు ఒకవైపు దించితే చెమటలు పట్టి, కళ్లు తిరిగి పొలం గట్టు మీద పడిపోయే ప్రమాదం వుంది. ఆకును నమ్మి గోలీ మానేసేవారి గతి అంతకన్నా అన్యాయం.

మోతాదు మాట ఎవరూ ఎత్తరు. భారత ఆయుర్వేద ఔషధ గ్రంథంలో తిప్పతీగ చూర్ణం 3 నుంచి 6 గ్రాములని, కషాయానికైతే 20 నుంచి 30 గ్రాముల ముక్క అని వుంది. 2020 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వమే విడుదల చేసిన ఆయుష్ కరోనా చికిత్స పద్ధతిలో తిప్పతీగ మాత్ర 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 15 రోజులు లేదా ఒక నెల అని గడువు పెట్టారు. అంటే ఇమ్మన్నవారే ఆపమని కూడా చెప్పారు. మొదటి మాట ఊరూరా పాకింది. రెండో మాట మండల కేంద్రం కూడా దాటలేదు.

అన్నిటికన్నా నాకు భయం కలిగించేది పసరు మందు. కళ్లు పచ్చబడితే ఆస్పత్రికి కాకుండా పసరుకు పోవడం మన ప్రాంతంలో ఇంకా వున్నది. తిప్పతీగతో వచ్చిన కామెర్లకు మరో ఆకు రసం పోస్తే, దెబ్బ తిన్న కాలేయం మీద ఇంకో బరువు పెట్టడమే. పైగా పసరు ఇచ్చేవారు ఆ వారం రోజులు తిప్పతీగ మానాలని చెప్పరు. రెండూ చెట్టు మందులేనాయె!

ఈ విషయంలో పెద్ద ఖర్చుతో పనిలేదు. బాన్సువాడ ఏరియా ఆస్పత్రిలోను, చుట్టుపక్కల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోను ఓ.పి. చీటీ రాసేటప్పుడు "మందులు వాడుతున్నారా?" అని ఊరుకోక "ఆకు, తీగ, పసరు, కషాయం ఏదైనా తాగుతున్నారా?" అని ఇంకొక్క మాట అడగాలి. అడిగిన తర్వాత కసురుకోరాదు. కసురుతారనే భయంతోనే సగం మంది దాస్తారు. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగేటప్పుడు షుగర్, థైరాయిడ్ రోగులను ఇదే ప్రశ్న వేయాలి. ఆయుష్ డాక్టర్లు గ్రామసభకు వచ్చినప్పుడు అసలు తీగ ముక్కను చేతబట్టి ఇది తిప్పతీగ, ఇది కాదు, ఇన్ని రోజులు, ఇంత కొలత అని చూపితే, ఫోనులో వచ్చే సలహాల కన్నా జనం దాన్నే నమ్ముతారు. ఈ మేరకు జిల్లా వైద్యాధికారులు ఆదేశాలు ఇవ్వవలసిందిగా ఈ ప్రాంత ప్రజల పక్షాన కోరుతున్నాను.