నిరీక్షణమే ప్రథమ సోపానము

శ్రావణ బహుళ ద్వితీయ సమీపించుచున్నది. ఆదోని, ఎమ్మిగనూరు గృహములలో మంత్రాలయ యాత్రోత్సాహము దినదినము వృద్ధి పొందుచున్నది. 1671లో శ్రీరాఘవేంద్రతీర్థులు తుంగభద్రాతీరమున సజీవముగా బృందావనప్రవేశము చేసిన తిథి అది. నాడు మంచాలగా పిలువబడిన ఆ గ్రామమును స్వామికి సమర్పించినవాడు ఆదోని నవాబేనని ప్రతీతి.

సాధకులారా, మన ఉత్కంఠ దేనికొరకు? వసతిగదికా, శీఘ్రదర్శనమునకా, రథోత్సవవైభవమునకా? అట్లయినచో అది రజోగుణచాంచల్యమే; తిరిగివచ్చిన మరునాడే చల్లారును. శబరికి నిరీక్షణమే తపస్సైనది. ఈ దినములందు మన వాక్కు మృదువై, కోపము తగ్గి, ఇంటనున్న వృద్ధుల సేవ పెరిగినచో యాత్ర అప్పుడే ఆరంభమైనట్లు.

మొదట మంచాలమ్మను సేవించి, పిదప బృందావనమును దర్శించుట ఆ క్షేత్రసంప్రదాయము. అట్లే మొదట మనస్సును సిద్ధపరచి, పిదప బస్సెక్కుదము.