వేడర్లలో వేడి

కిందటేడు డిసెంబరులో మేమిద్దరం అమెరికాలో మా అక్కయ్య కొడుకు ఇంట్లో వున్నాం. వాడుండేది ఆర్కన్సా రాష్ట్రంలో లిటిల్ రాక్ అనే వూళ్ళో. ఒకనాటి సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ పెద్ద అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చాడు.

“ఏమిట్రా అది?” అన్నాను.

“వేడర్స్, మామయ్యా. శనివారం పక్కింటాయనతో బాతుల వేటకు వెళ్తున్నాను.”

“మంచి పని చేశావు నాయనా. యీ చలిలో వేడిగా వుండేవేవో కొనుక్కున్నావు” అంది మా ఆవిడ.

నేను నవ్వి, ఇంగ్లీషులో ‘వేడ్’ అంటే నీళ్ళలో కాళ్ళీడ్చుకుంటూ నడవటమనీ, ఆ నడకకు తొడుక్కునేవి వేడర్సనీ, వాటికీ మన వేడికీ చుట్టరికం లేదనీ ఆవిడకు పాఠం చెప్పాను. ఆ పాఠం చెప్పవలసింది ఆవిడకు కాదు, మా మేనల్లుడికని శనివారం నాడు తెలిసింది.

వేడర్స్ అంటే ఏమీ లేదు. బూటూ, పంట్లామూ, రొమ్ముదాకా వచ్చే ముందు పట్టీ, భుజాలకు పటకాలూ అన్నీ ఒకే ముక్కగా వుండి, నీరు చొరని దుస్తు. దానితో అక్కడివాళ్ళకు అంత పని ఏమిటంటారా? అమెరికాలో పండే వరిలో ఇంచుమించు సగం ఆర్కన్సాలోనే పండుతుంది. కోతలయ్యాక చాలామంది రైతులు మళ్ళకు తిరిగి నీరు పెడతారు. ఉత్తరాన కెనడా నుంచి చలికి దిగివచ్చే బాతులు రాలిన గింజల కోసం ఆ మళ్ళలో వాలుతాయి. వరికీ బాతులకీ పేరుపడ్డ స్టట్‌గార్ట్ అనే వూళ్ళో బాతు కూత కూయటంలో 1936 నుంచీ పోటీలు జరుగుతున్నాయంటే వాళ్ళ సరదా ఏపాటిదో వూహించుకోండి.

సరదా అయితే అయింది గాని, దానికి కట్టుబాట్లున్నాయి. వేట లైసెన్సుతో పాటు, పదహారేళ్ళు నిండినవాళ్ళు 25 డాలర్లు పెట్టి బాతు స్టాంపు కూడా కొనాలి. 1934 లో మొదలైన యీ స్టాంపు డబ్బుతో బాతులు బతికే చిత్తడి నేలలను కాపాడుతున్నారు. మన దేశంలో అడవి బాతులను వేటాడటం చట్టవిరుద్ధం. నాకా తుపాకీ అంటేనే భయం. అయినా చూడ్డానికి నేనూ బయలుదేరాను.

పక్కింటాయన డెబ్భై యేళ్ళ వరి రైతు. నాకు తన పాత నియోప్రీన్ వేడర్స్ ఇచ్చాడు. నియోప్రీన్ అంటే గాలి బుడగలున్న నురుగు రబ్బరు. దానికదే వెచ్చన. మా వాడిది కొత్తరకం, గాలాడే గుడ్డ.

తెల్లవారకముందే పొలం చేరాం. గట్టు మీద మా వాణ్ణి ఆయన ఎగాదిగా చూసి, “నీ బెల్టేదీ?” అన్నాడు.

“పెట్టెలో వుందండీ. అది అలంకారానికేమో అనుకున్నాను.”

ఆయన నవ్వలేదు. తన బండిలో వున్న మరో బెల్టు తెచ్చి, స్వయంగా వాడి నడుముకు బిగించి కట్టాడు.

మోకాటి లోతు బురదలో రెండు ఫర్లాంగులు నడిచేసరికి నా నియోప్రీన్ లోపల చెమట ధారలు కట్టింది. బయటికి పోయే దారి దానికి లేదు. తీరా చేరి కదలకుండా నిలబడ్డాక, ఆ చెమటే చల్లబడి వణుకు పుట్టించింది. గాలాడే గుడ్డ తొడుక్కున్న మా వాడు నాకంటే ఎక్కువ వణుకుతున్నాడు! ఎందుకా అని చూస్తే, లోపల వేసుకున్నది నూలు జీన్స్. అదేమో నడకలో పట్టిన చెమటంతా పీల్చుకుని తడిగుడ్డలా కాళ్ళకు అంటుకుపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు జరగవలసింది జరిగింది. మడి పక్కన మురుగు కాలవ వుంది. పైకి అంతా ఒకటే నీరు. మా వాడు కొన్న వేడర్స్ రెండు కొలతలు పెద్దవి. బురదలో బూటు ఆగిపోయింది, కాలు లోపలే జారింది, మనిషి తూలి కాలవలో పడ్డాడు. రొమ్ము పట్టీ మీదుగా నీళ్ళు లోపలికి దూకాయి. నా గుండె ఆగినంత పనయింది. కాని బిగించిన బెల్టు దగ్గర చాలా మట్టుకు ఆగిపోయాయి. వాడు కాళ్ళూని లేచాడు. పెద్దాయన ఒక చెయ్యీ నేనొక చెయ్యీ పట్టి గట్టు మీదికి లాగాం.

బండిలో వెచ్చగా కూర్చున్నాక ఆయన చెప్పిన మాట ఇది. నీళ్ళు నిండిన వేడర్స్ మనిషిని అడుగుకు లాగేస్తాయని అందరూ అనుకుంటారు. నిజానికి నీళ్ళలో నీటికి బరువు లేదు. గట్టెక్కబోయినప్పుడే రెండు కాళ్ళకూ రెండు నిండు బిందెలు కట్టుకున్నట్టుంటుంది. ఈలోగా చన్నీరు కొద్ది నిమిషాల్లోనే చేతుల్లో పట్టు తీసేస్తుంది. అంచేత బెల్టు లేకుండా నీళ్ళలో దిగరాదు.

మర్నాడు పెద్దాయన్ని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళాం. వంద డాలర్ల లోపు నుంచి వెయ్యి డాలర్ల దాకా వున్నాయి. ఆయన ధర చీటీ చూడనే లేదు, మా వాణ్ణి చూశాడు. బూటు కొలత ఒక్కటే చెప్పి కొనటం మొదటి తప్పన్నాడు. రొమ్ము, నడుము, కాలి పొడవు కూడా కుదరాలి. లోపల వేసుకునే బట్టలన్నీ వేసుకుని తొడిగి, గొంతుకూర్చోవాలి, కుర్చీ మీద కాలు పెట్టాలి. పిర్రల దగ్గర బిగిస్తే కుట్లు తెగుతాయి. వదులైతే మడతలు ఒరుసుకుని గుడ్డ అరుగుతుంది.

తరువాత కుట్లు చూశాడు. కాళ్ళ మధ్య అతుకులు కలిసేచోటే ముందుగా నీరు కారుతుందట. మోకాళ్ళ మీదా, ముంగాళ్ళ మీదా రెండో పొర వుండాలి, ముళ్ళ తీగలకూ మోళ్ళకూ తగిలేది అక్కడే. బురదలో నడిచేవాడికి బూటు కలిసివున్న రకమే మేలు. రాళ్ళ వాగుల్లో దూరం నడిచేవాడికి మేజోడులా వున్నది కొని, పైన విడిగా బూట్లు తొడుక్కోవటం సుఖం.

ఇక గాలాడటం సంగతి. ఇడ్లీ గుడ్డ చూడండి. పిండి జారనివ్వదు, ఆవిరిని రానిస్తుంది. ఇదీ అంతే. గుడ్డ పొరల మధ్య సన్నటి పొర ఒకటుంటుంది. నీటి చుక్క దూరలేదు గాని, ఒంటి ఆవిరి బయటపడుతుంది. అయితే ఆ ఆవిరి పొర దాకా చేరాలి. మధ్యలో నూలుబట్ట పీల్చేసుకుంటే ఎంత ఖరీదైన పొరైనా వృథా. అంచేత ఒంటికి ఆనేది ఉన్నిదో, పాలియెస్టరుదో కావాలి. పైన చలిని బట్టి ఇంకొకటి. గాలాడే గుడ్డకు సొంత వేడి లేదు.

మన్నిక సగం కొన్నదానిలో వుంటే, సగం కొన్నవాడి చేతిలో వుంది. ఇంటికి రాగానే బురద కడిగి, లోపలా బయటా ఆరేదాకా వేలాడదియ్యాలి. తడిగా మడిచి పెట్టెలో పడేస్తే బూజు పడుతుంది. ఎక్కడో కారుతోందనిపిస్తే చీకటి గదిలో లోపల టార్చి వేసి చూడాలి. చిల్లున్నచోట వెలుగు కనబడుతుంది. అక్కడ జిగురు మందు వేసి అతికితే మరో రెండేళ్ళు నడుస్తుంది.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా ఆవిడ శ్రద్ధగా విని, “అయితే వేడర్లలో వేడి లేదన్నమాట!” అంది.

“మొదటిరోజే చెప్పానుగా” అన్నాను.

“మీరు చెప్పింది మాట అర్థం. పనికొచ్చే అర్థం ఆ పెద్దాయన చెప్పాడు.”

ఇరవై యేళ్ళుగా పిల్లలకు అర్థాలు చెబుతున్నవాణ్ణి, నోరు మెదపలేకపోయాను.

మేం తిరిగొచ్చాక, వేట రోజులున్నన్నాళ్ళూ మా వాడు శుక్రవారం నాడు ఫోను చేస్తూనే వున్నాడు. కుశల ప్రశ్నలన్నీ తరువాత. ముందుగా ఆవిడ అడిగేది ఒకటే:

“బెల్టు బండిలో పెట్టుకున్నావా, నాయనా?”