మరల వచ్చుట ఎందులకు?

నేటి విద్యార్థులు ధ్రువపత్రము కొరకే సేవ చేయుదురని కొందరు పెద్దల యాక్షేపణ. అది సగమే నిజము. 1969లో, గాంధీజీ శతజయంతి సంవత్సరమున, 37 విశ్వవిద్యాలయములలో ఆరంభమైన జాతీయ సేవా పథకమున ఏటికి 120 గంటల చొప్పున రెండేండ్లు పనిచేసినవారికి పత్రము లభించును. పత్రము చేతికి వచ్చిన పిమ్మటను కొందరు రక్తదాన శిబిరములకు, వరద గ్రామములకు పోవుచునే యుందురు. ఏల?

మొదటిసారి తీసికొనిపోవునది జాలి. మరల మరల రప్పించునది బాధ్యత. “ఈ వీధిలోని పది యిండ్లు నీవి” అని అప్పగించినచో, అందొక అవ్వ రేపు తనకై యెదురుచూచునని విద్యార్థి యెరుగును. ఊరేగింపులో బ్యానరు పట్టుటకే పిలిచినచో రెండవసారి రాడు. ఆ తప్పు వానిది కాదు.

ఉపాధ్యాయులారా, సేవను గూర్చి ఉపన్యాసము తగ్గింపుడు, పని అప్పగింపుడు.