అప్‌డేట్ ఎవరిని అడిగి వచ్చింది?

మా ఇంట్లో నాన్నది తమిళం, అమ్మది తెలుగు. టీవీ మాత్రం అవ్వది. అవ్వ దగ్గర పాత తెలుగు సినిమాల వీసీడీలు డెబ్బై దాకా ఉన్నాయి. ప్లేయర్ చెడిపోయి చాలా రోజులైంది. అందుకే పోయిన వేసవిలో నేనూ తమ్ముడూ రిచీ స్ట్రీట్‌కి వెళ్లి, ఏదో ఆఫీసులో వాడి తీసేసిన చిన్న కంప్యూటర్ ఒకటి కొన్నాం. పాత ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. హెచ్‌డీఎంఐ వైరు, చేతిలో ఇమిడే చిన్న కీబోర్డు కలిపి ఏడు వేల లోపే అయింది. హోమ్ థియేటర్ పీసీ అని పెద్ద పేరు గానీ, టీవీకి తగిలించిన కంప్యూటర్, అంతే. వీసీడీలన్నీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాం. అమ్మ పెళ్లి క్యాసెట్ కూడా. తాత నడుస్తూ, మాట్లాడుతూ కనిపించేది అందులో ఒక్కదాంట్లోనే.

అవ్వకి ఇంగ్లీషు చదవడం రాదు. ఆన్ చెయ్, రెండుసార్లు కిందికి, ఓకే. ఇదే నేర్పించాం. తెర మీద ఏం రాసుందో ఆమెకి అక్కర్లేదు, వేలికి దారి తెలుసు.

ఒక రాత్రి ఆ సినిమాలు నడిపే ప్రోగ్రాం తనంతట తానే అప్‌డేట్ అయింది. మెనూ వరుస మారిపోయింది. రెండుసార్లు కిందికి వెళ్తే ఇప్పుడు సెట్టింగ్స్ వస్తుంది. పదకొండు రోజులు అవ్వ టీవీ జోలికి పోలేదు. కళ్లు నొప్పి అంది. అడగ్గా అడగ్గా చెప్పింది: "నేనే ఏందో నొక్కి చెడగొట్టినా పాపా, మీ నాయన ఏమంటాడో అని చెప్పలేదు." నాన్నేమో నన్ను "ఎదుక్కు తొట్టే?" అన్నారు. నేనూ తాకలేదు, అవ్వా తాకలేదు. తాకినవాళ్లు ఎక్కడో ఉన్నారు, వాళ్లని ఎవరూ అడగరు.

మెనూ మారితే మళ్లీ నేర్పించుకోవచ్చు. కానీ తప్పు తనదేనని అవ్వ అన్ని రోజులు దాచుకుంది చూడండి, నా కోపం దానికి.

బీసీఏ చదివే నా ఫ్రెండ్ ఒప్పుకోదు. అప్‌డేట్లు ఆపితే ప్రమాదం అంటుంది. నిజమే. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ విండోస్‌లో ఒక లోపానికి మరమ్మతు పంపింది. వేసుకోని కంప్యూటర్లను మే నెలలో వాన్నాక్రై పట్టుకుంది, బ్రిటన్‌లో ఆసుపత్రుల పనే ఆగిపోయింది. కాబట్టి అప్‌డేట్లే వద్దనే మొండితనం నాకు లేదు.

కానీ తాళం బాగుచెయ్యడం వేరు, వాకిలిని తూర్పు నుంచి పడమటికి మార్చడం వేరు. రెంటినీ ఒకే మూటలో కట్టి పంపుతారెందుకు? విడిగా పంపడం కుదరనిదేమీ కాదు. డెబియన్ అనే ఉచిత సిస్టమ్ స్థిరమైన వెర్షన్‌లో భద్రత మరమ్మతులు వస్తూనే ఉంటాయి, కొత్త సొగసులన్నీ తర్వాతి వెర్షన్ దాకా ఆగుతాయి. ఇంకోవైపు, టీవీ ముందు కూర్చునేవాళ్ల కోసమే పెట్టిన విండోస్ మీడియా సెంటర్‌ను 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు తీసేశారు. ఆ వెర్షన్‌కి మారినవాళ్లకి అది పోయింది. వాడేవాళ్లు తక్కువైతే వాళ్ల అలవాటుకి విలువ ఉండదా? మారుస్తున్నాం, సరేనా అని ఒక్క మాట, అదీ చదవగలిగే భాషలో అడిగితే ఏం పోతుంది?

ఇప్పుడు మా పెట్టెలో లిబ్రెఎలెక్ వేశాం. కోడి అనే ప్లేయర్‌ను నడపడానికే చేసిన చిన్న సిస్టమ్ అది, పెన్‌డ్రైవ్ నుంచి కూడా నడుస్తుంది. ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేశాను. సినిమాలన్నీ డిస్క్‌లోనే ఉన్నాయి కదా, నెట్ వైరు కూడా పీకేశాం. ఫ్రెండ్ కూడా దీనికి సరే అంది.

మొన్న ఆదివారం కొత్త వెర్షన్‌ను వేరే పెన్‌డ్రైవ్‌లో వేసి, అవ్వని పక్కన కూర్చోబెట్టుకున్నాను. రెండుసార్లు కిందికి నొక్కింది, కాసేపు చూసింది. "ఇది వద్దు పాపా, ఆ పాతదే ఉండనీ" అంది. పెన్‌డ్రైవ్ తీసేశాను.